మా అత్తగారు తీయించిన చావు కాగితం

ఆ కంప్యూటర్ కాస్త మూసి ఇలా వచ్చి కూర్చోవే టెస్సా, పొద్దుణ్ణుంచీ దాన్ని పొడుస్తూనే ఉన్నావు. దొరకలేదంటావు. ఎలా దొరుకుతుందీ? మీ నాన్న వాళ్ళ తాత చావు నమోదుని ఆయన పుట్టిన ఊరు పట్టుకుని వెతుకుతుంటే? మనిషి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ కాపురం చేశాడు, ఎక్కడ పూడ్చారు, ఇవేవీ పనికిరావు తల్లీ. ఊపిరి ఏ కౌంటీలో పోయిందో ఆ కౌంటీ వాళ్ళే రాసుకుంటారు. ఇది నా సొంత తెలివేం కాదులే. మా అత్తగారు నా చేత ఓ వేసవంతా కారు తోలించి నేర్పింది. అదే, మీ తాతమ్మ ఆర్డెలియా. నువ్వు చూళ్ళేదు కదూ ఆవిణ్ణి. ఫొటోలో ఆ టోపీ పెట్టుకుని ఫొటో తీసేవాణ్ణి తిడుతున్నట్టుంటుంది చూడు, ఆవిడే. తిడుతున్నట్టుండటం కాదు, నిజంగా తిడుతోందిట అప్పుడు. ఆ, పక్కన ఎర్రగా ఉన్నది ఆవిడ కొడుకు, మీ తాత గ్లెన్. ఆయనకి అప్పుడు పెళ్ళి కాలేదు. అయ్యాక ఆ ఎరుపు కూడా పోయింది.

ఎక్కడున్నాం? ఆ, అత్తగారు. ఆవిడ గొప్పంతా వాళ్ళ నాన్న గొప్పే. ఎనోక్ ఫెంటన్. పద్దెనిమిదివందల తొంభై ఏడులో ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయినప్పుడు జనాన్ని కాపాడబోయి మునిగిపోయాడని. అప్పటికి ఈవిడ పాలుతాగే పిల్ల. వాళ్ళమ్మ చెప్పింది, ఈవిడ నమ్మింది, ఊరు నమ్మింది. నమ్మక చస్తారా? ఎవడైనా "అవునా" అని కాస్త సాగదీశాడంటే ఆ ఆదివారం చర్చిలో వాడి పక్క బెంచీలో కూర్చుని, పాట పాడుతున్నంతసేపూ వాడి వైపే చూస్తూ పాడేది. మా పాస్టరు గారికి సైతం దడే. ఆయన ఓసారి ప్రసంగంలో నోవహు ఓడ కొలతలు తప్పు చెప్తే మధ్యలో లేచి దిద్దింది. పెళ్ళయి కాపురానికొచ్చిన కొత్తలో నాకు రోజూ రాత్రి భోజనంలోకి ఎనోక్ ఫెంటనే. బంగాళాదుంపల తర్వాత వచ్చేవాడు, పుడ్డింగ్ దాకా ఉండేవాడు.

దానికి తోక ఇంకోటి ఉంది. స్పర్లాకులు. లూథర్ స్పర్లాకని, ఫెంటన్ల పొరుగు. వరదొచ్చిన రాత్రి ఫెంటన్ల పడవ విప్పుకుని, పెళ్ళాన్నీ నాలుగేళ్ళ కూతుర్నీ వదిలేసి పారిపోయాడని. మళ్ళీ కనపళ్ళేదు. పడవా కనపళ్ళేదు. "మా నాన్న చేతిలో పడవుంటే బతికేవాడు, ఆ దొంగ తీసుకుపోయాడు", ఇదీ మా అత్తగారి మాట. ఆ నాలుగేళ్ళ కూతురు ఓపల్. ఊళ్ళోనే పెరిగింది, ఊళ్ళోనే పెళ్ళి చేసుకుంది, ఊళ్ళోనే ముసలిదైంది. పారిపోయినవాడి కూతురనే పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. పెద్ద మాటకారి కాదు. చర్చి విందులకి పెర్సిమన్ పళ్ళ పుడ్డింగ్ చేసి తెచ్చేది, అద్భుతంగా ఉండేదే. మా అత్తగారు దాన్ని ముట్టేది కాదు. నేను ముట్టేదాన్ని. ఆవిడ వెనక్కి తిరిగినప్పుడు.

సరే, పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఏటి మీద కొత్త వంతెన కట్టారు. పక్కన ఓ రాయి నిలబెట్టి వరదలో జనం కోసం ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ పేరు చెక్కిద్దామన్నారు కౌంటీ పెద్దలు. మా అత్తగారు టోపీ పెట్టుకుని వెళ్ళింది. వాళ్ళన్నారూ, "అమ్మా, మీ మాట మాకు వేదమే, కానీ రాతి మీద చెక్కేది కదా, చావు నమోదు కాపీ ఒకటి తెచ్చివ్వండి" అని. ఇంటికొచ్చి అగ్గి మీద గుగ్గిలం. "మా నాన్న చచ్చాడని కాగితం కావాలిట వెర్నా. డెబ్బై ఏళ్ళనించీ ఇంటికి రాకపోతే చాలదుట." నేనన్నాను, పోనీ తెద్దాం అత్తగారూ, ఎంతసేపు. ఎంతసేపంటే ఏం చెప్పను, జూన్‌లో మొదలెడితే ఆగస్టుకి తేలింది.

ముందు రాష్ట్రం ఆఫీసుకి ఉత్తరం రాశాం. అంత పాత లెక్కలు మా దగ్గర లేవు, కౌంటీలో అడగండన్నారు. మన కౌంటీలో అడిగాం. కోర్టు భవనం కింద గది, కిటికీ కూడా లేదు. ఫెంటన్ అని చూశారు, లేదు. ఫాంటన్, ఫిన్టన్, చివరికి పెంటన్ అని కూడా చూశారు. అవును మరి, రాసేవాడి చెవికి ఎలా వినపడితే అలా రాసేవాడు, నువ్వూ అలాగే చూడు, ఒక్క స్పెల్లింగు పట్టుకుని ఏడవకు. లేనే లేదు. మా అత్తగారు ఆ క్లర్కు కుర్రాణ్ణి, "నీ వెనక బీరువా తియ్యి. దాని వెనకేముంది? గోడా? సరిగ్గా చూశావా?" అని కాల్చుకు తింది. ఆ కుర్రాడే పాపం, వదిలించుకోడానికన్నాడో నిజంగా తోచే అన్నాడో, "అమ్మా, వరదలో పోయారంటున్నారు, ఏరు కిందికి పారుతుంది కదా, శవం టానర్ కౌంటీలో తేలిందేమో, అక్కడ రాసుంటారు" అన్నాడు. ఆవిడ కారెక్కాక, "నేను మొదట్నించీ అదే అంటున్నాను" అంది. ఎప్పుడందో నాకైతే తెలీదు.

ఏరు దాటి టానర్ కౌంటీ వెళ్ళాం. నేను తోలుతున్నాను, ఆవిడ వెనక కూర్చుని తోలుతోంది. "ట్రాక్టరొస్తోంది వెర్నా." ఆ ట్రాక్టరు పొలంలో ఉందే, రోడ్డు మీద కాదు. అక్కడి క్లర్కు ఓ లావుపాటి పెద్దావిడ, మర్యాదస్తురాలు. ఆ యేటి పుస్తకం తెచ్చి మా ముందు పెట్టి, మీరే చూసుకోండమ్మా, పేజీలు మెల్లిగా తిప్పండి అంది. వరద రోజు పట్టుకుని ఫెంటన్ అన్న పేరొక్కటే చూసుకుంటూ ముందుకి వెతికాం. ఫెంటన్ లేడు. నేనే, ఊరికే, ఒక పేజీ వెనక్కి తిప్పాను. ఉన్నాడు. ఎనోక్ ఫెంటన్, పెళ్ళయినవాడు, వయసు సరిపోయింది, పుట్టిన ఊరు సరిపోయింది. చచ్చిపోయింది వరదకి రెండ్రోజుల ముందు. ఎందుకు పోయాడూ అన్నచోట, కంచరగాడిద తలమీద తన్నడం వల్ల, ఫలానావాడి పశువుల బేరాల కొట్టంలో. నవ్వకు. నేనూ నవ్వలేదు. అంటే, అక్కడ నవ్వలేదు. ఆవిడ ఆ వరస మీద వేలు పెట్టింది. తర్వాత ఆ వేలు కిందికి జరుపుకుంటూ పోయింది. వరద రోజు దగ్గర ఆగింది. "వెర్నా, ఇది చదువు, నా కళ్ళద్దాలు బాలేవు" అంది. కళ్ళద్దాలు బాగానే ఉన్నాయి. లూథర్ స్పర్లాక్. నీట మునిగి. పక్కన అప్పట్లో శవాన్ని చూసిన అధికారి ఓ ముక్క రాశాడు, రాయక్కర్లేదు, అయినా రాశాడు ఆ మహానుభావుడు: పడవలో పల్లపు ఇళ్ళవాళ్ళని గట్టుకి చేరుస్తూ, నాలుగో విడతలో పడవ తిరగబడి పోయాడు, అతను దాటించిన మనిషే పేరు చెప్పాడు, ఇక్కడే ఖననం.

మరి ఊరికెందుకు తెలీలేదంటావు. వంతెన పోయింది కదే. రెండేళ్ళు అవతలి ఒడ్డు అవతలే, ఇవతలి ఒడ్డు ఇవతలే. ఆ పల్లంలో జనం ఇళ్ళు పోయి ఎటెటో వెళ్ళిపోయారు. ఇక్కడ పెళ్ళాం చూస్తే మొగుడు లేడు, పడవ లేదు. ఏమనుకుంటుంది? ఫెంటన్ల పడవ విప్పుకెళ్ళిన మాట నిజమే కదా మరి. మా అత్తగారి తల్లి సంగతంటావా, ఎవరో ఒకరు కబురు చెప్పే ఉంటారు ఆవిడకి. గాడిద తన్ని పోయాడని చంటిపిల్లకేం చెప్తుందీ, నీళ్ళలో పోయాడంటే కాస్త... ఏమో. ఆవిణ్ణి నేను చూళ్ళేదు.

తిరుగుదారిలో మా అత్తగారు ఒక్క ట్రాక్టరు కూడా చూపించలేదు. నేను భయపడ్డానే నిజంగా. ఇంకోటి కూడా అనుకున్నాను, చెప్పేస్తాను, ఈవిడ దీన్ని మింగేస్తుంది, నన్ను కూడా మింగమంటుంది అనుకున్నాను. మన ఊరి మలుపు దగ్గర "ఎడమకి" అంది. మన ఇల్లు కుడికి. ఎడమకి వెళ్తే ఓపల్ ఇల్లు. వరండాలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది ఓపల్. ఈవిడ మెట్లెక్కింది, టోపీ తీసింది. టోపీ తీయగా చూడ్డం అదే మొదలు, జుట్టు ఇంత పల్చనా అనుకున్నాను. "ఓపల్, మీ నాన్న పారిపోలేదు. జనాన్ని దాటిస్తూ మునిగిపోయాడు. మా నాన్నని గాడిద తన్నింది. కాపీ నేనడిగితే ఇవ్వరుట, రక్తసంబంధీకులే వచ్చి సంతకం పెట్టాలిట. రేపు పొద్దున్న తయారుగా ఉండు, వెర్నా కారు తెస్తుంది." అంతే. క్షమించమని గానీ ఏమీ లేదు. ఓపల్ చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టి, "నీకు ఒంట్లో బాగానే ఉందా ఆర్డెలియా?" అంది.

మర్నాడు ఓపల్ వచ్చింది. వెనక సీట్లో ఇద్దరూ, మధ్యలో రెండు చేతిసంచులు గోడ కట్టినట్టు. ఆఫీసులో ఓపల్ ఆ దరఖాస్తు నింపుతోంది. పోయినవారి పేరు, పోయిన తేదీ, అడిగేవారి పేరు, అన్నీ గబగబా రాసింది. పోయినవారికి మీరేమవుతారు అన్నచోట కలం ఆగిపోయింది. వెనక నిలబడ్డవాళ్ళు దగ్గుతున్నారు. మా అత్తగారు వంగి, "కూతురని రాయి. తప్పేముంది, రాయి" అంది మెల్లగా. ఆవిడకి మెల్లగా మాట్లాడ్డం వచ్చని కూడా నాకు ఆ రోజే తెలిసింది. క్లర్కమ్మ ముద్ర వేసిచ్చింది. తర్వాత మా అత్తగారు కూడా ముందుకు జరిగి, మా నాన్నది కూడా ఒకటివ్వండి, గాడిద సంగతి స్పష్టంగా పడేట్టు చూడండి అంది. ఆ రెండు కాపీలూ తనే పట్టుకెళ్ళి కౌంటీ పెద్దల బల్ల మీద పెట్టింది. "ఇదిగో మీరడిగిన కాగితం. పేరు మారింది" అంది. ఇప్పుడు వంతెన దగ్గర రాయి మీద ఉన్న లూథర్ స్పర్లాక్ ఆయనే. నువ్వెన్నిసార్లు ఆ రాయి పక్కనించి సైకిలు తొక్కావో. చదివావా ఎప్పుడైనా? చదవవు.

అది తర్వాతిమాట. ఆ రోజు కార్లో ఏమైందంటే, ఓపల్ కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది, చదవలేదు. ఏరు దాటాక బయటికి తీసి ఈవిడకిచ్చింది. "నువ్వు చదువు ఆర్డెలియా, నీ గొంతు పెద్దది." చదివింది. చర్చిలో చదివినట్టు, గట్టిగా, పేరునించి ముద్రదాకా. "మళ్ళీ" అంది ఓపల్. మళ్ళీ చదివింది. ఊరొచ్చేదాకా ఎన్నిసార్లు చదివిందో, నాకు నోటికొచ్చేసింది. ఇల్లు కనపడుతుండగా ఓపల్ అంది, ఎవరితోనూ అన్నట్టు కాదు, "మా అమ్మ ఆయన్ని తిట్టుకుంటూనే పోయింది." అద్దంలోంచి చూశాను. ఓపల్ జుట్టు గాలికి మొహం మీద పడుతోంటే, మా అత్తగారు ఆవిడ మీదుగా చెయ్యి చాచి అవతలి కిటికీ అద్దం పైకెత్తింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

...

ఏంలేదు, బానే ఉన్నాను. ఆ అలమారులో పెర్సిమన్ గుజ్జు సీసా ఉంటుంది చూడు, అందుకో, ఓపల్ పుడ్డింగ్ చేద్దాం. పై అర. నీకు అందుతుంది.