ఆరిన బట్టీ

హలో… ఆఁ, నేనే వదినా. బట్టీ దగ్గర్నుంచి మాట్లాడుతున్నా…

తిన్నాలే. నువ్వు కూర్చునే ఉన్నావా?… ఏం లేదు, ఊరికే అడిగా.

ఇటుకలా… ఇంకెక్కడి ఇటుకలు. పొద్దున్నుంచీ మేస్త్రీలు గేటు దగ్గరే పడిగాపులు. ఎంతడిగితే అంతిస్తామంటున్నారు… అదే మరి. అప్పట్లో ఊరికే ఇస్తామన్నా ఎత్తుకెళ్లే నాథుడు లేడు. మేడలన్నీ సగంలో ఆగిపోయె, బట్టీలన్నీ మూతపడె, కాల్చేవాళ్లు తలో దిక్కూ పోయిరి. ఇప్పుడేమో అందరూ ఒక్కసారే కట్టుకుంటామంటున్నారు. సరుకు ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది…

అవును, ఇవాళే నిప్పు పెట్టాలి. అందుకే చేశా. పనివాళ్లు లోపలికి వెళ్లం అంటున్నారు.

కూలి గొడవ కాదు… అన్న గురించి.

…వింటున్నావా?

అన్న పోయాక బట్టీ తలుపు ఎవరూ తీయలేదు కదా. ఇవాళ తీశాం. లోపల చాప ఉంది. నీళ్ల కుండ. నువ్వు కట్టిచ్చే క్యారేజీ మూత…

అదే చెప్తున్నా. ఆఖరి రెండేళ్లూ అసలు బట్టీ వెలగలేదట. కాపలా తాత ఇప్పుడు నోరు విప్పాడు. నేను అప్పుడు లారీ పట్టుకుని ఊళ్లు తిరుగుతుండేవాణ్ణి, నాకేం తెలుసు… రోజూ పొద్దున్నే వచ్చేవాడట. ఇటుకలు గోడలా పేర్చి, విప్పి, మళ్లీ పేర్చేవాడట. అంచులన్నీ అరిగి గుండ్రంగా అయిపోయాయి వదినా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఒంటికి దుమ్ముండాలి కదా…

ఏడవకు.

…ఏంటీ? తెలుసా?… ఎప్పట్నుంచి?

చొక్కాలకి… దుమ్మే గానీ పొగ వాసన లేదా…

మరి అడగలేదేం?…

ఊఁ… క్యారేజీ కట్టడం మానేస్తే, నీకు తెలిసిందని తనకి తెలిసిపోతుందని…

…

కాదు, వీళ్లు భయపడేది చాప చూసి కాదు. చప్పుడుకి. ఇటుక మీద ఇటుక పెట్టినట్టు… నేనూ నమ్మలేదు. ఇప్పుడు గుమ్మంలోనే ఉన్నా. ఉండు, మాట్లాడకు…

…వినిపించిందా?

లోపల ఎవరూ లేరు వదినా. అందరూ ఇదిగో, బయట నా కళ్లెదుటే ఉన్నారు.

నిప్పా… ఎలా పెట్టమంటావు, తను లోపలుండగా…

నేనా? నేను చెబితే విన్నాడా ఎప్పుడైనా…

సరే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి లోపల ఉంచుతా. నేను బయటికొచ్చేస్తా. పని మళ్లీ మొదలైందని చెప్పు… ఆ, నీకు అంతా తెలుసని కూడా చెప్పు. ఇక ఇంటికొచ్చేయమను.

ఇదిగో, ఇటుకల మీద పెడుతున్నా… మాట్లాడు వదినా.