కళాకారుల గడప దాకా వెళ్ళిన బాలత్రిపురసుందరి గారు

1991 జూలై 8వ తేదీ సోమవారం నాడు శ్రీమతి బాలత్రిపురసుందరి గారు నారాయణగూడలోని మన జాతీయ నవకళా సంగ్రహాలయంలో గుమాస్తాగా విధులలో చేరారు. చిక్కడపల్లి నుండి నడిచి వచ్చి సంతకం చేసిన ఆ ఉద్యోగిని, ముప్పై నాలుగేళ్ళ తరువాత, సేకరణాధికారిణిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి వద్ద ఏడేళ్ళు పని నేర్చుకున్నవాడిగా ఈ నాలుగు మాటలు రాసే అవకాశం నాకు దక్కింది.

1998లో వారు సమకాలీన కళా విభాగానికి మారారు. అప్పట్లో ఫోటోలు చూసి చిత్రాలు ఎంపిక చేసేవారట. సుందరి గారికి అది నచ్చలేదు. "వందేండ్ల కిందటి బొమ్మ గురించి ఎవర్ని అడుగుతం? ఇది చేసినాయన బర్కత్‌పురలనే ఉన్నడు. పోయి అడుగుదాం" అని బస్సెక్కారు. ఏ రంగు వాడారు, పగిలితే ఎవరు బాగు చేయాలి, ఎలా వేలాడదీయాలి అని అడిగి, కళాకారుల జవాబులను వారి మాటల్లోనే దస్త్రంలో రాయడం ఆనాడు మొదలై ఈనాటికీ మన విభాగపు పద్ధతిగా నిలిచి ఉన్నది.

2006లో మరొక ఆచారం నెలకొల్పారు. కొనుగోలు సంఘం కూర్చోవడానికి ముందు, ప్రతిపాదిత కళాఖండాన్ని మనం టీ తాగే వరండాలో పదిహేను రోజులు ఉంచాలి. కాపలాదారు మొదలు సంచాలకుల వరకు ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు.

నేను 2018లో చేరాను. మా నాన్న పీరయ్య మహబూబ్‌నగర్ జిల్లా నుండి వచ్చిన తాపీమేస్త్రీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అశోక్ నగర్‌లో మూడేళ్ళు పరీక్షలకు చదివాక దొరికిన ఉద్యోగమిది. అది ఇంకా ఖాయం కాకముందే నేనొక తప్పు చేశాను.

అంబిక గారనే కళాకారిణి, స్లాబు పోసేటప్పుడు కింద కొట్టే సెంట్రింగ్ చెక్కలు ఆరింటి మీద సిమెంటు దుమ్ము పరచి, కూలి పని చేసిన తమ తల్లి బుగ్గమ్మ గారి అరచేతి ముద్రలు వేయించారు. అవి వరండాలో ఉన్న పద్నాలుగో రోజు సాయంత్రం, మర్నాడు సంఘం వస్తుందని, నేను తడిబట్ట తీసుకొని, పైన పడిన దుమ్మే అనుకొని, నాలుగో చెక్కను శుభ్రంగా తుడిచాను. మా ఇంట్లో సిమెంటు దుమ్మంటే నలుగురూ వచ్చేలోపు తుడిచేయవలసినది. తుడిచాక పక్క చెక్క మీది అరచేయి కనిపించి, చేసిన పని అర్థమైంది. వెంటనే వెళ్ళి సుందరి గారికి చెప్పాను.

"నౌకరి పోతదా మేడం?"

"అది నాకు తెల్వదు ఎల్లేష్. అంబికకు మాత్రం ఇయ్యాల్నే చెప్పాలె. నడువు."

ఆటోలో అశోక్ నగర్‌లోని వారి ఇంటికి వెళ్ళాం. విని అంబిక గారు మండిపడ్డారు. "నమ్మి ఇస్తే గిట్ల జేస్తరా? ఆరు చెక్కలూ వాపస్ తెచ్చుకుంట!"

లోపలి నుండి బుగ్గమ్మ గారు అందుకున్నారు. "నేనున్నా తుడుద్దునే! పెద్దసార్లు వస్తున్నరంటే దుమ్ము ఎవరుంచుతరు? పిలగాడు పనిమంతుడే."

"నువ్వు ఊకో అమ్మా, నీ చెయ్యే పోయింది!"

"పోలే, గిదిగో ఉన్నది" అని ఆమె చేయి ఊపారు.

అంబిక గారు ఆ చేతిని పట్టుకొని చూశారు. చివరికి, "మల్ల అద్దొద్దు మేడం. తుడిచినది తుడిచినట్లనే ఉండనియ్యిండ్రి. ఎట్ల పోయిందో మాత్రం రాయుండ్రి" అన్నారు.

మర్నాడు సంచాలకులు సుధీంద్ర గారు, కొత్త ముద్ర వేయిస్తే సరిపోతుంది కదా, రాతలెందుకని అడిగారు. "చేసినామె వద్దన్నది సార్. ఆమె మాట పక్కకు పెట్టి ఆమె పని మనం తీసుకోలేం" అని సుందరి గారు నిలబడే జవాబిచ్చారు. సంఘం అంగీకరించింది. దస్త్రంలో సుందరి గారి చేతిరాతలో ఇలా ఉన్నది: "నాలుగవ చెక్కను తుడిచినది ఎల్లేష్. అదే సాయంత్రం తానుగా వచ్చి చెప్పినదీ ఎల్లేష్."

మొదటి వాక్యం చూసి నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నన్ను ఉంచాలా వద్దా అని సుధీంద్ర గారు అడిగినప్పుడు, సుందరి గారు వేరే సిఫారసు ఏదీ చేయక, రెండవ వాక్యం మీద వేలు పెట్టి చూపారట. పదకొండు రోజులకు నా నియామకం ఖాయమైంది. నా పేరును దాచిపెట్టి నన్ను కాపాడడం వారికి సులభమే. పేరు రాసి కాపాడారు. ఆ మేలును వారి కుటుంబ సభ్యులూ చదివేలా చెప్పుకోవడం ఇదే మొదటిసారి.

సుందరి గారు మోకాళ్ళ నొప్పుల నుండి ఉపశమనం పొంది, భర్త జగదీశ్వర్ గారితో కలిసి, ఏ దస్త్రమూ చంకన లేకుండా, చూడాలనుకున్న ప్రదర్శనలన్నీ తీరికగా చూస్తూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. నా వల్ల ఇకపై ఏ పొరపాటు జరిగినా, ఆ సాయంత్రమే చెబుతానని వారికి మాట ఇస్తున్నాను.