రూప్‌సింగ్ దాటిచ్చిన పేర్లు

అవ్, ఆ దినం గూడ కోతలే కోసిండు పెద్ద రూప్‌సింగ్. టేకులపల్లి దిక్కు బొగ్గుబాయి గేటు కాడ గంగక్క చాయ్ కొట్టు ఉండె. పొద్దు గూకే యాళ్ల ఆడ్నే బల్ల మీద కూసున్నడు. పక్కన చిన్న రూప్‌సింగ్. ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు, ఒక్కటే తండా. తాత సచ్చిన యేడే పుట్టిర్రని ఇద్దరికీ తాత పేరే పెట్టిర్రు. ఇద్దరూ బదిలీ కూలీలే. పర్మనెంటోడు రాని దినం ఆఫీసుల కంప్యూటర్ ఎవని పేరు జూపిస్తే వాడు బాయి దిగాలె. పేరు రాకపోతే ఇంట్ల పొయ్యి ఎలగదు.

ఆ వారమే కంప్యూటర్ల పేర్లు జాగ మారినయి. ప్రోగ్రాం రాసుడు లేకుంటనే ఇంజనీరు సారు తెర మీద బటన్లు, డబ్బాలు అతికిచ్చి ఏ దినం ఎవర్ని పిలవాల్నో ఆ పని నడిపిస్తుండె. పేర్లేమో గళ్ళ షీట్లల్ల ఉండె. పేర్లు ఎక్కువై షీట్లు మొరాయిస్తున్నయని వాటిని డాటాబేస్‌లకు ఎక్కిచ్చిండు.

"ఎక్కిచ్చింది సారు గాదక్కా, నేను" అన్నడు పెద్ద రూప్‌సింగ్. "బల్ల జరపనీకి పిలిచిర్రు. జరిపిన. జూస్తే సారు నెత్తి పట్టుకొని కూసున్నడు, పేర్లు కదుల్తలెవ్వట. సారూ, కూలోళ్ళ పేర్లు బటన్ ఒత్తితే లేస్తయా, కేకెయ్యాలె అన్న. ఫస్టు షిఫ్టు, లేవుండ్రిరా అని ఒక్క కేకేసిన. గళ్ళలకెళ్ళి దుమ్ము దులుపుకుంట లేసినయి."

"దుమ్ము గూడనా" అన్నది గంగక్క, చాయ్ వడపోసుకుంట.

"బొగ్గు దుమ్ము. తెరంత నల్లగైతే నా తువ్వాలతోనే తుడ్సిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? షీటుకు, డాటాబేస్‌కు నడుమ వాగున్నది. కిన్నెరసానంత వాగు, నిండ పారుతున్నది. సారుకు ఈత రాదాయె. మా లంబాడి తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసినట్టు ఎడ్లను కట్టి, ఎద్దుకిన్ని పేర్లు ఎక్కిచ్చి తోలిన. అవుతల గట్టున పులి. ఎవరి పేర్లురా అన్నది. బదిలీ కూలోళ్ళయి అన్న. థూ, వాళ్ళ మీద కండేముంటది అని పక్కకు జరిగింది."

చిన్న రూప్‌సింగ్‌కు చాయ్ పొలమారింది.

"నవ్వకు తమ్మీ. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? బాయిల కప్పు కూలి సచ్చినోళ్ళ పేర్లు గూడ ఎంటబడ్డయి. మమ్ముల ఎందుకు ఇడుస్తవ్ అన్నయి. వాళ్ళనూ దాటిచ్చిన. రేపటి సంది వాళ్ళూ డ్యూటీకొస్తరు, ఈడికెళ్ళి భద్రాచలం దాక ఆడోళ్ళు గుమ్మాల కాడ సద్దిగిన్నెలు పట్టుకొని నిలబడతరు, జూడుండ్రి. ఒక్క పేరు ఇడువలె. ఒక్కటంటే ఒక్కటి."

పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న ఆఫీసు అటెండరు జంపయ్య ఖాళీ గ్లాసు కింద పెట్టిండు.

"ఒక్కటి ఇడిసినవన్నా. నీదే."

గంగక్క చాయ్ గిన్నె కింద పెట్టింది.

"పగటీలి నువ్వు అడిగితే నేనే చెప్తి గద" అన్నడు జంపయ్య. "షీట్ల నీ గడికి పసుపు రంగు, చిన్నోని గడికి ఆకుపచ్చ పెట్టుకున్నడు గుమస్తా, ఇద్దర్ని గుర్తు పట్టనీకి. పేర్లయితే డాటాబేస్‌లకు పోయినయి గని రంగు దాటలె. పేరొక్కటే, తండా ఒక్కటే అని ఆ కొత్త డాటాబేస్ ఇద్దర్ని ఒక్కన్ని జేసింది. ఇంకో పేరు ఎక్కియ్యనీకి పెద్దాఫీసు ఒప్పుకోలె. పొద్దుగాల ఎవడు ముందొచ్చి వేలిముద్ర ఏస్తే ఆ పేరు వానిది."

చిన్న రూప్‌సింగ్ మొఖం పాలిపోయింది. వాని పెండ్లాం లాలి ఆ నెలనే కన్నది.

"ఎడ్లు తోలేటోడు ఆఖర్ల గద దాటేది" అన్నడు పెద్ద రూప్‌సింగ్. చల్లారిన చాయ్ తాగి లేసిండు. "తమ్మీ, పొద్దుగాల జల్దీ లే. లాలిని లేపకు, పచ్చి బాలింత."

"నువ్వు రావా అన్నా?"

"రాకేం. నీకన్న ముందు గేటు కాడ నేనే ఉంట."

తెల్లారింది. చిన్న రూప్‌సింగ్ పోయిండు, గేటు కాడ అన్న కోసం చానసేపు నిలబడ్డడు, లోపలికి పిలిస్తే పోయి వేలిముద్ర ఏసిండు. తిరిగొచ్చి జూస్తే తండాల పెద్ద రూప్‌సింగ్ లేడు, రాత్రే మూట కట్టుకొని ఎటో ఎల్లిపోయిండు.