రెండో పల్టీ

1944. బెంగళూరు ఊరి అంచున బయలులో సర్కసు డేరా. మధ్యాహ్నం ఆట అయింది, సాయంత్రం ఆటకు ఇంకా గంటన్నర ఉంది. ఉయ్యాల వదిలి గాలిలో రెండు పల్టీలు కొట్టే సొన్నమ్మ ఇందాక పట్టు తప్పి వలలో పడింది. ఆమె మణికట్టుకు గుడ్డ చుడుతున్నాడు ఆట నేర్పిన తండ్రి గంగప్ప. పడింది ఆమె, మొహం వాడింది మాత్రం ఆయనకు.

"వల నడిమిట్ల పడింటే నేనేమీ అనను. అంచులో పడితివి. ఇంకొక మూర అవతలికి పోయుంటే?"

"పోలేదు కదప్పా."

"పోలేదంట. కన్ను యాడ పెట్టినావు?"

"పెట్టే చోటే పెట్టినా."

"ఏ చోట? చెప్పు, వింటా."

"ఎన్నిసార్లు చెప్పల్ల? అంత బిగించొద్దు, నొస్తాది."

"చెప్పు."

"చెయ్యి వదిలేటప్పుడు డేరా గుడ్డకు వేసిన ఎర్ర అతుకు. తల కిందికి వస్తానే నేలమీది ఇసక. మళ్లా అతుకు. మళ్లా ఇసక. అప్పుడు మోకాళ్లు విప్పి, అవతల ఉయ్యాలకు వేలాడే నరసింహప్ప మణికట్ల తెల్లగుడ్డ."

"మోకాళ్లు చూసుకొంటివా?"

"నేనేమన్నా చిన్నపిల్లనా? కాటన్‌పేట ఇంట్లో గోడకు సున్నం బొట్టు పెట్టి, దాని మీదనుంచి కన్ను తీస్తే అన్నం లేదంటివే, అప్పుడే నేర్చుకొంటి."

"అన్నం పెట్టినా కదా."

"అవ్వ పెట్టింది. నువ్వు కాదు."

"సరే, సరే. మరి రెండో ఇసక కనబడిందా, లేదా?"

"కనబడింది."

"కనబడితే ఏమిటికి ఆలస్యంగా విప్పితివి? నరసింహప్ప చేతులు చాచుకొనే ఉండె. నువ్వు ముద్దగా చుట్టుకొని వాని ముందరనే పోతివి, బండిమీదనుంచి మూట పడినట్ల."

"సోల్జర్లు ఈలలు వేస్తా ఉండిరి."

"చెవులతో ఎగురుతావా నువ్వు?"

"దీపాలు కండ్లలో పడె."

"పట్టపగలు దీపాలా?"

"బేజారైందప్పా. చాలా? దినానికి మూడు ఆటలు. కండ్లు మండతా ఉండాయి. తిరిగేటప్పుడు లోకమంతా గీత మాదిరి పోతాది. ఆ గీతలో ఒక చోట కన్ను ఆనించల్ల. ఈ పొద్దు ఆనలేదు."

"ఇప్పుడు దారికొచ్చినావు. ఆనకపోతే ఏం చేయల్లని చెప్పింటి?"

"ముడి వెయ్యప్పా."

"ఏం చేయల్లని చెప్పింటి?"

"నీ కేక కోసరం కాచుకోమంటివి."

"విప్పే గడియకు కిందనుంచి 'విప్పు' అని అరుస్తా కదా. దానికే కదా నేను ఆడ నిలబడేది."

"సాయంత్రం ఒక్క పల్టీ వేస్తా. రెండోది వద్దు."

"ఒక్క పల్టీ కోతి కూడా వేస్తాది. రెండోది లేదంటే యజమాని మనల్ని ఏమిటికి ఉంచుకొంటాడు? నాకు ఎగిరే వయసు పోయె. అదీ గాక మన కాటన్‌పేట జనమంతా చూడను వస్తా ఉండారు. మీ అమ్మ ఉండింటే..."

"అమ్మ మాట ఎత్తొద్దు."

"ఎత్తక? రెండేండ్లాయె. ఆ పొద్దు కింద నేనే ఉంటి. సావిత్రమ్మ చెయ్యి వదిలినప్పటినుంచి నేల తాకేదాకా చూస్తానే ఉంటి. నేను అరిస్తి. ఆమె వినలేదు. నువ్వన్నా వినల్ల కదా, తల్లీ."

"విన్నా."

"ఏమంటివి?"

"కన్ను ఆనలేదు, దాంతో నీ కేక కోసరమే కాచుకొంటి. కేక వచ్చినంకనే విప్పితి."

"వచ్చిన గడియకు విప్పింటే పడేదానివి కాదు."

"కేకే ఆలస్యమాయె."

"నా కేకా? నీకు పదేండ్లప్పటినుంచి అరుస్తా ఉండా. ఎప్పుడన్నా తప్పిందా?"

"సరేలే, నాదే తప్పు. సాయంత్రం రెండూ వేస్తా, నా కన్ను నేనే ఆనించుకొంటా. నువ్వు మాత్రం అరవద్దు."

"అరవకపోతే ఎట్ల? ఏమిటికి అరవద్దు?"

"ఉండనీప్పా. జడ వేసుకోవల్ల, పోతా."

"చెప్పి లే."

"అంత పైనుంచి నాకేమీ కనబడదని అనుకొన్నావు. మొదటి ఇసకలో నీ మొహం కనబడతాదప్పా నాకు. అమ్మ పోయినప్పటినుంచి చూస్తా ఉండా, నేను చెయ్యి వదిలితే చాలు, నువ్వు కండ్లు గట్టిగా మూసుకొంటావు."