ఇట్టే విడిపోయే ఇన్సులిన్

రసాయనశాస్త్రం మాస్టారు ఇన్సులిన్ సూది వేసుకుని భోజనానికి కూర్చున్నారు. కూర్చున్నవారు కంచం పక్కకు జరిపి, కాగితం మీద బొమ్మ గీయసాగారు. భార్య గరిట పట్టుకుని నిలబడి ఉంది.

“ఇలా చూడు. ఇన్సులిన్ అంటే రెండు గొలుసులు. రెండింటినీ కలిపి పట్టుకునేవి గంధకపు వంతెనలు.”

“నాకున్నది ఒక్కటే గొలుసు. ముందు తినండి.”

“ఉండవోయ్. మామూలు ఇన్సులిన్‌లో అణువులు ఆరేసి చొప్పున గుంపు కడతాయి. విడిపోయేదాకా పని మొదలుపెట్టవు.”

“అచ్చం మీ స్టాఫ్ రూమే.”

“వెక్కిరించకు. నేను వేసుకున్న రకంలో, ఒక గొలుసు చివర రెండు పూసల్ని, అంటే అమైనో ఆమ్లాల్ని, అటుదిటు ఇటుదటు మార్చారు. దాంతో గుంపు ఇట్టే విడిపోతుంది. అదీ మనిషి తెలివి!”

“అందుకే కదా డాక్టరుగారు సూది వేసుకోగానే తినమన్నారు?”

“కూర్చున్నాను కదా!”

“కూర్చున్నారు, తినలేదు. అదేమిటి, గీత అలా వణుకుతోంది?”

“పెన్ను మంచిది కాదు. ఉక్కగా ఉంది, ఫ్యాను పెంచు.”

“ఫ్యాను తిరుగుతూనే ఉంది. చెమటలు పడుతున్నది మీకొక్కరికే. నోరు తెరవండి, పంచదార నీళ్లు.”

“ఈ ఒక్క వంతెన గీసి...”

“మింగండి! మీ అణువులు ఎప్పుడో విడిపోయి పనిలోకి దిగాయి. ఇంకా పాఠం దగ్గరే ఆగిపోయింది మీరే.”