కాలి కబురు

బస్సు డ్రైవరు కళ్ళు మూసుకుని బల్ల మీద కాళ్ళు చాపాడు. డాక్టరమ్మ సన్నటి నైలాను పోగుతో అతని పాదాన్ని తాకుతోంది.

"తగిలినప్పుడల్లా చెప్పండి."

"తగిలింది. తగిలింది. ఇదిగో, మళ్ళీ తగిలింది."

"పోగు పక్కన పెట్టేసి చాలాసేపైంది బాబాయ్."

"కబురు దారిలో టీకి ఆగిందేమోనమ్మా."

"ఆగడం కాదు, బయల్దేరడమే లేదు. పాదం నుంచి వెన్నుకీ, వెన్ను నుంచి మెదడుకీ కబురు మోసేవి నరాలే. మీకు షుగరుతో అవి మొద్దుబారాయి."

"ఇరవై ఆరేళ్ళలో బండికి గీత పడనివ్వలేదు. నడపొచ్చని సంతకం పెట్టెయ్యమ్మా."

"ఒక్కటి చెప్పండి. బ్రేకు మీద కాలు పడిందని మీకెలా తెలుస్తోంది?"

"బండి ఆగితే తెలుస్తుంది."

ఆ మాట అన్నాక అతనే కళ్ళు తెరిచి, తన పాదం వంక చూసుకున్నాడు.