తెలుగు సంతకం

ఒడిశాలోని గంజాం సముద్రపు ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న గురువమ్మ దగ్గరికి రొయ్యల కంపెనీ మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. విశాఖ నుంచి వచ్చినవాడు, పైగా నవ్వు మొహం. ఆమెకు ఆ నవ్వే నచ్చలేదు.

“ఏటి బాబూ, మీ పెద్దసారు మీద అమెరికాలో కేసెట్టినారట. సెరువు రొయ్యల్ని సముద్రం రొయ్యలని అమ్మేసినాడట?”

“అదంతా అబద్ధం, పిన్నీ. సముద్రంలో పట్టినవేనని నువ్వే కదా రాసిచ్చావు. అక్కడి కోర్టు నుంచి ఫోను వస్తే సంతకం నాదేనని చెప్పు, చాలు.”

“నానెప్పుడు రాసిచ్చినాను?”

“మూడేళ్లయింది. మరిచిపోయుంటావు.”

“మూడేళ్లుగా ఈ ఈదిలోకి రానోడివి, ఇయాల పిన్నీ అంటన్నావు. అందులో ఏటి రాసుంది?”

“అంతా ఇంగ్లీషు, నీకెందుకు? కింద చూడు, ముత్యాల్లాంటి అక్షరాలు.”

“అదేటి?”

“నీ పేరే, తెలుగులో. నీ సంతకం నువ్వే గుర్తుపట్టకపోతే ఎలా?”

గురువమ్మ చేతులు చీరకు తుడుచుకుని, అతని జేబులోని పెన్ను తీసుకుని, ఆ కాగితం వెనక నిదానంగా రాసింది. అతను వంగి చూశాడు. నవ్వు పోయింది.

“ఇది ఒడియా కదా?”

“నా సంతకం ఇదే. ఇంట్లో తెలుగు మాటాడతాం గానీ సదివింది ఒడియా బడి. తెలుగులో ఒక్క అచ్చరం రాయడం రాదు నాకు.”

“కాగితం ఇలా ఇవ్వు, పిన్నీ. ఫోను సంగతి నేను చూసుకుంటాను.”

“వొద్దు. ఫోను రానీ బాబూ, నాను మాటాడతాను.”